తొలగింపు ఉత్తర్వుపై హైకోర్టుకు వెళ్తే కోర్టు చూసేది దేన్ని?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నాగర్‌కర్నూల్ జిల్లాలో మీరు పంచాయతీ కార్యదర్శి. రసీదు పుస్తకాల ప్రకారం వసూలైన ఇంటి పన్నులో 41,600 రూపాయలు ట్రెజరీకి చేరలేదని సస్పెండ్ చేశారు. ఒకవైపు పోలీసు కేసు, మరోవైపు శాఖాపరమైన విచారణ నడిచాయి. సాక్షులు ఎదురు తిరగడంతో క్రిమినల్ కోర్టు సంశయ లాభం కింద కేసు కొట్టివేసింది. అయినా శాఖ మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించింది, మీ అప్పీలును రెండు వాక్యాల్లో తోసిపుచ్చింది. అదే వ్యవహారంలో చార్జ్ మెమో (అభియోగ పత్రం) అందుకున్న మీ పై అధికారికి మాత్రం రెండు ఇంక్రిమెంట్లు ఆపి సరిపెట్టింది. హైకోర్టు మీ నిర్దోషిత్వాన్ని తేలుస్తుందా, కనీసం శిక్ష తగ్గిస్తుందా, దేవరకొండ డిపోలో కండక్టరైన మీ బావగారికి కోర్టు ఉద్యోగం ఇప్పించినప్పుడు మీకెందుకు ఇప్పించదు అన్నవి మీ ప్రశ్నలు.

నేను వకీలును కాను. పాత మహబూబ్‌నగర్ జిల్లా కార్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో పనిచేసి రిటైరయ్యాను. విచారణాధికారిగా కూర్చున్నాను, విచారణలో శాఖ తరఫున అభియోగం వినిపించే ప్రెజెంటింగ్ అధికారిగా నిలబడ్డాను, ఉద్యోగులు నేరుగా హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్లకు ప్రభుత్వ ప్లీడరు కోసం పేరావారీ జవాబులు తయారుచేశాను. అంటే మీ ఎదుటి పక్షంలో పనిచేసినవాణ్ణి. రిట్ కాపీలో ఏ పేరా చదివితే ఆఫీసు కంగారు పడుతుందో, ఏ పేరాలను తాపీగా పక్కన పెడుతుందో అక్కడి నుంచే తెలిసింది. పక్కన పెట్టే పేరాలు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: నేను నిజాయితీపరుణ్ణి, ఇన్నేళ్లు మచ్చ లేకుండా పనిచేశాను, నా మీద కక్ష కట్టారు, పిల్లలు చదువుకుంటున్నారు.

ముందు మీ బావగారి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈ పోలిక చాలామందిని దారి తప్పిస్తోంది. ఆయన వెళ్లింది లేబర్ కోర్టుకు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11-ఎ సెక్షన్ ఆ కోర్టుకు విశేషాధికారం ఇచ్చింది: సాక్ష్యాన్ని మళ్లీ తూచవచ్చు, తొలగింపు ఎక్కువ అనిపిస్తే తానే చిన్న శిక్ష వేయవచ్చు. కార్మికుడి విషయంలో అది ఒక రకంగా అప్పీలు కోర్టు. మీరు రాజ్యాంగం 311వ అధికరణం పరిధిలోకి వచ్చే ప్రభుత్వ ఉద్యోగి. ఆ 11-ఎ తలుపు మీకు లేదు. మీకున్నది రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్. ఉద్యోగుల కేసులు వినే పాత అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ 2016 నుంచి తెలంగాణకు లేదు కనుక మీరు నేరుగా మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకే వెళ్లాలి. అక్కడ ముందు ఒకే న్యాయమూర్తి వింటారు, ఓడినవారు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి రిట్ అప్పీలు వేసుకుంటారు. జిల్లా కోర్టులో సివిల్ దావా వేయిస్తానని ఎవరో అన్నారని రాశారు. ఆ సలహా జోలికి పోకండి.

రిట్‌లో జరిగేది న్యాయ సమీక్ష. మిర్యాలగూడ మిల్లు దగ్గరికి తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తే కాటా సరిగా ఉందా, రాళ్లకు ముద్ర ఉందా అని చూస్తాడు తప్ప మీ ధాన్యం బస్తాలను మళ్లీ తూచి ఇవ్వడు. హైకోర్టు కూడా అంతే. డబ్బు మీరు తిన్నారా లేదా అన్నది అది తేల్చదు. తిన్నారని తేల్చిన పద్ధతి చట్టబద్ధమా, ఆ నిర్ణయానికి ఫైలులో ఏదైనా ఆధారం ఉందా, అంతవరకే చూస్తుంది. ఇది కొత్త మాట కాదు. 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, శ్రీరామారావు కేసులోనే సుప్రీంకోర్టు హైకోర్టు శాఖాపరమైన విచారణ మీద అప్పీలు కోర్టు కాదని చెప్పింది. 1995లో బి.సి. చతుర్వేది కేసు దాన్ని మరింత గట్టిపరిచింది: సమీక్ష నిర్ణయం తీసుకున్న తీరు మీదే, నిర్ణయం మీద కాదు. ఎంత సాక్ష్యం ఉండాలి? క్రిమినల్ కేసులో అవసరమైనంత అక్కర్లేదు. 1977లో హర్యానా కండక్టర్ రతన్ సింగ్ కేసులో టికెట్ లేని ప్రయాణికుల వాంగ్మూలాలు తీసుకోకపోయినా ఫరవాలేదన్నారు. ఎంతో కొంత విశ్వసనీయమైన ఆధారం ఉంటే చాలు. అది బొత్తిగా లేనప్పుడే కోర్టు చేయి పెడుతుంది.

కాబట్టి మీ కేసు ఇకపై కట్టేది కాదు. విచారణ ఫైలులో అది ఇప్పటికే కట్టి ఉంది, లేదా కూలి ఉంది. కొత్త సాక్షిని, కొత్త కాగితాన్ని హైకోర్టులో పెట్టలేరు. చార్జ్ మెమోకు మీరిచ్చిన వివరణ, పత్రాలు కోరుతూ పెట్టిన దరఖాస్తు, విచారణాధికారి ముందు సంతకం చేసిన రోజువారీ ప్రొసీడింగ్స్, ఇవే మీ ఆస్తి.

ఇక మీ ఫైలులోకి వెళ్దాం. మీరు పంపిన వివరాల్లో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించినది మీరు చివరి వరుసలో ముక్తసరిగా రాసి వదిలేసిన సంగతి: విచారణలో ఒక్క సాక్షినీ పిలవలేదు. విచారణాధికారి ఆడిట్ నివేదిక, ఎఫ్.ఐ.ఆర్. ముందు పెట్టుకుని, మీ వివరణ చదివి, అభియోగం రుజువైందని రాసేశారు. మన జిల్లాల్లో ఇది సర్వసాధారణం. విచారణాధికారిగా వేసిన అధికారికి తన సొంత పని తలకు మించి ఉంటుంది; తొలగింపు లాంటి పెద్ద శిక్షకు 1991 నాటి సి.సి.ఎ. (ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమావళిలోని 20వ నియమం ఒక చిన్నపాటి కోర్టు విచారణనే కోరుతుందన్న సంగతి పట్టించుకోరు. పత్రం తనంతట తాను రుజువు కాదు. ఆడిట్ చేసిన వ్యక్తి వచ్చి, ఇది నేను రాసిందే, ఈ లెక్క ఇలా తేలింది అని చెప్పాలి; మీకు అతన్ని అడ్డుప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. 2009లో రూప్ సింగ్ నేగి కేసులో బ్యాంకు ఉద్యోగిని ఎఫ్.ఐ.ఆర్. మీద, పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు మీద ఆధారపడి తొలగిస్తే సుప్రీంకోర్టు నిలవనివ్వలేదు. మరుసటి ఏడాది సరోజ్ కుమార్ సిన్హా కేసులో, ఉద్యోగి హాజరు కాకపోయినా సరే శాఖ సాక్షులను పిలిచి అభియోగం రుజువు చేయాల్సిందేనని చెప్పింది. విచారణాధికారి శాఖ ప్రతినిధి కాడు, మధ్యస్థుడు అని కూడా అందులోనే ఉంది.

అయితే ఇక్కడే ఒక గొయ్యి ఉంది. రోజువారీ ప్రొసీడింగ్స్‌లో 'సాక్షులను విచారించనవసరం లేదు, పత్రాలను అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద మీ సంతకం ఉందేమో చూసుకోండి. త్వరగా ముగిద్దామని, మీకే మంచిదని చెప్పి ఆ వాక్యం రాయించుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అలాంటి సంతకం ఉంటే ఈ వాదన సగానికి సగం పోతుంది. లేకపోతే మీ రిట్‌లో మొదటి పేరా ఇదే కావాలి.

రెండో గొయ్యి మీరు కట్టిన డబ్బు. సస్పెన్షన్ తర్వాత 41,600 రూపాయలు చలానా తీసి జమ చేశారు, 'ఎలాగూ కట్టేశాను కదా' అని రాశారు. డబ్బు తిరిగి కట్టడం వల్ల దుర్వినియోగం చెరిగిపోదు. పైగా చలానాతోపాటు ఇచ్చిన లేఖలో ఏం రాశారన్నది కీలకం. 'నా వద్ద ఉండిపోయిన మొత్తాన్ని' అని ఉంటే శాఖ దాన్ని ఒప్పుకోలుగా చూపిస్తుంది, కోర్టూ అలాగే చదువుతుంది. అప్పుడు సాక్షులను పిలవలేదన్న వాదన కూడా బలహీనపడుతుంది. 'నా హక్కులకు భంగం లేకుండా, అభియోగాన్ని అంగీకరించకుండా' అన్న మాటలుంటే పరిస్థితి వేరు. ఆ లేఖ నకలు సంపాదించకుండా వకీలు దగ్గరికి వెళ్లకండి.

విచారణ నివేదిక నకలు మీకు ముందుగా ఇవ్వలేదు, తొలగింపు ఉత్తర్వుతో జతచేసి పంపారు అన్నారు. ఇది మంచి పాయింటే గానీ మీరు అనుకున్నంత పెద్దది కాదు. 1976లో 42వ సవరణ శిక్షకు ముందు ఇచ్చే రెండో షోకాజ్ నోటీసును తీసేసింది. ఆ తర్వాత నివేదిక ఇవ్వాలా వద్దా అన్న చర్చ చాలాకాలం నడిచి 1993లో కరుణాకర్ కేసులో ముగిసింది. ఆ కేసు మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈ.సి.ఐ.ఎల్.ది. నివేదిక ఇచ్చి, దాని మీద మీ మాట విన్నాకే శిక్ష వేయాలి అన్నారు ఐదుగురు న్యాయమూర్తులు. కానీ అదే తీర్పులో, ఇవ్వనంత మాత్రాన ఉత్తర్వు దానంతటదే కూలిపోదు అని కూడా ఉంది. నివేదిక ముందే అంది ఉంటే మీరు ఏం చెప్పేవారు, అది ఫలితాన్ని మార్చేదా అని కోర్టు అడుగుతుంది. దానికి జవాబు రిట్‌లోనే ఉండాలి: ఫలానా నెల రసీదు పుస్తకం ఆ రోజుల్లో నా దగ్గర లేదు, అప్పగింత జాబితా చూడండి, నివేదికలో ఆ ప్రస్తావనే లేదు అన్నంత నిర్దిష్టంగా. 'తీవ్ర నష్టం జరిగింది' అని మాత్రం రాస్తే ఆ పేరాకు శాఖ జవాబు ఒక్క వరుసలో పూర్తవుతుంది.

క్రిమినల్ కేసు కొట్టివేత మీద మీరు పెట్టుకున్న ఆశను కొంచెం తగ్గించక తప్పదు. 1999 నాటి కెప్టెన్ పాల్ ఆంథోనీ కేసు గురించి మీకెవరో చెప్పి ఉంటారు. అక్కడ రెండు చోట్లా అవే సంఘటనలు, అవే సాక్షులు; ఆ సాక్ష్యాన్ని నమ్మలేమని క్రిమినల్ కోర్టు తేల్చాక అదే సాక్ష్యంతో ఉద్యోగం తీసేయడం అన్యాయమన్నారు. 2023లో రాజస్థాన్ కానిస్టేబుల్ రామ్ లాల్ కేసులో తీర్పులో వాడిన మాటలను కాదు, సారాంశాన్ని చూడాలన్నారు. మీ తీర్పు సారాంశం చూస్తే సర్పంచి, ఇద్దరు పన్నుదారులు మాట మార్చారు. ప్రాసిక్యూషన్ చతికిలపడింది గానీ మీరు చేయలేదని కోర్టు ఎక్కడా అనలేదు. ఇలాంటి విడుదల శాఖను కట్టిపడేయదు. వాదించవద్దని అనను, దీన్నే ముందు పెట్టవద్దు అంటాను. ఆలస్యం వాదన కూడా మీకు పనికిరాదు: క్రిమినల్ కేసు తేలేదాకా విచారణ ఆపమని మీరే లేఖ ఇచ్చారు.

అప్పీలు ఉత్తర్వు మాత్రం మీకు దొరికిన చక్కని ఆయుధం. 'అప్పీలుదారు కొత్త అంశాలేవీ లేవనెత్తలేదు, కనుక తిరస్కరించడమైనది' అని ఉంది కదా. అప్పీలు అధికారి మూడు విషయాలు చూడాలని నియమావళే చెబుతోంది: పద్ధతి పాటించారా, నిర్ధారణలకు సాక్ష్యం ఉందా, శిక్ష తగినదా. మీ ఉత్తర్వులో ఒక్కదానికీ జవాబు లేదు. 1986లో రైల్వే ఉద్యోగి రామ్ చందర్ కేసు నుంచి ఇలాంటి ఉత్తర్వులు రద్దవుతూనే ఉన్నాయి. ప్రభుత్వ ప్లీడర్లు దీన్ని సమర్థించడానికి పెద్దగా ప్రయత్నించరు కూడా. కానీ కోర్టు ఇదొక్కటే పట్టుకుంటే వచ్చేది ఏమిటి? అప్పీలును మళ్లీ విని కారణాలు రాయమనే ఆదేశం. అదే అధికారి ఈసారి రెండు పేజీలు రాసి తిరస్కరించవచ్చు. అందుకే ఈ అంశాన్ని చివర్లో, అదనంగా పెట్టమనండి.

తొలగింపు ఉత్తర్వులో 'గతంలో కూడా మందలింపు శిక్ష పొందిన వ్యక్తి' అని ఉంది. చార్జ్ మెమోలో ఆ ప్రస్తావన లేదు. గత చరిత్ర ఆధారంగా శిక్ష పెంచాలనుకుంటే ముందే చెప్పాలని 1964లోనే మాంచే గౌడ కేసులో ఉంది. ఆ మందలింపే శిక్షకు పునాది అయితే మీకు లాభం. ఊరికే ఒక బరువు కోసం తగిలించిన వాక్యమైతే కోర్టు పట్టించుకోకపోవచ్చు. ఉత్తర్వు పూర్తి పాఠం నేను చూడలేదు కనుక మీ వకీలే చెప్పాలి.

ఎవరు తొలగించారన్నది కూడా చూడండి. నియమించిన అధికారి కంటే కింది స్థాయి వ్యక్తి తొలగించకూడదని 311వ అధికరణం మొదటి క్లాజు. మీ నియామక పత్రం మీద పాత మహబూబ్‌నగర్ కలెక్టర్ సంతకం, తొలగింపు మీద నాగర్‌కర్నూల్ కలెక్టర్ సంతకం ఉంటే అది లోపం కాదు. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ వాదన చాలామంది తెచ్చారు. కావలసింది అదే హోదా, అదే మనిషో అదే జిల్లానో కానక్కర్లేదు. కలెక్టర్ నియమిస్తే జిల్లా పంచాయతీ అధికారి తొలగించినట్లు తేలితే మాత్రం మిగతా వాదనల అవసరమే ఉండదు.

ఇక శిక్ష తగ్గింపు. అందరూ ముందు ఇదే అడుగుతారు, కోర్టులు అన్నిటికన్నా తక్కువగా ఇచ్చేది కూడా ఇదే. శిక్ష కోర్టు అంతరాత్మను ఉలిక్కిపడేలా చేయాలి అన్నది కొలమానం. సుప్రీంకోర్టు 1987లో శిక్ష రద్దు చేసిన కేసులో, రంజిత్ ఠాకూర్ అనే సైనికుడు నిర్బంధంలో ఉండి పెట్టిన అన్నం తిననన్నందుకు ఏడాది జైలు వేసి, కొలువు నుంచి తీసేశారు. పైగా అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే తీర్పు చెప్పినవారిలో ఉన్నాడు. ఉలికిపాటు అంటే ఆ స్థాయిలో ఉండాలి. ప్రభుత్వ సొమ్ము విషయంలో మొత్తం చిన్నదన్న మాట కోర్టుల్లో చెల్లదు. 41,600 అయినా 400 అయినా వాళ్లు చూసేది నమ్మకం పోయిందా లేదా అనే.

పై అధికారికి చిన్న శిక్ష వేశారన్నది దీనికంటే మెరుగైన వాదన. 2013లో రాజేంద్ర యాదవ్ కేసులో, ఒకే తప్పులో పెద్ద పాత్రధారికి చిన్న శిక్ష, చిన్న పాత్రధారికి పెద్ద శిక్ష వేయడం కుదరదన్నారు. కానీ మీ ఇద్దరి అభియోగాలూ ఒకటేనా? ఆయన మీద పర్యవేక్షణ లోపం, మీ మీద సొమ్ము దుర్వినియోగం అని ఉంటే సమానత్వం మాట నిలవదు. ఆయన చార్జ్ మెమో, శిక్ష ఉత్తర్వు నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే రిట్‌లోనే వాటిని తెప్పించమని కోరవచ్చు. మీ సొంత ఫైలులో నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునే భాగం) నకలు కూడా అడగండి. ఉత్తరప్రత్యుత్తరాలుండే కరెంట్ ఫైలులో లేని సంగతులు అందులో దొరుకుతాయి. శిక్ష ముందే నిర్ణయించి, తర్వాత విచారణ ముగించిన తేదీలు అందులో బయటపడిన సందర్భాలున్నాయి.

గెలిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకుని దిగండి. పద్ధతి లోపం మీద ఉత్తర్వు రద్దయితే కేసు లోపం జరిగిన దశకు వెనక్కి వెళ్తుంది. కరుణాకర్ తీర్పు ప్రకారం ఉద్యోగిని తిరిగి చేర్చుకుని, సస్పెన్షన్‌లో పెట్టి, అక్కడి నుంచి విచారణ కొనసాగించవచ్చు. బకాయి జీతం సంగతి చివర్లో తేలుస్తారు. సాక్షులనే పిలవని కేసు కనుక మీది మొదటికే వెళ్లవచ్చు. అది మీకు మేలో కీడో ఆలోచించండి: అప్పుడు ఆ ఆడిటర్ వస్తాడు, సర్పంచి వస్తాడు, ఈసారి రసీదు పుస్తకాలు ఒక్కొక్కటిగా రుజువు చేస్తారు. మీ దగ్గర నిజంగా అప్పగింత జాబితా, రసీదు పుస్తకం ఇంకొకరి దగ్గర ఉందని చూపే సంతకాలు ఉంటే వెనక్కి పంపడమే మీకు అదృష్టం. లేకపోతే రెండోసారి వచ్చే తొలగింపు ఉత్తర్వు మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది. అలాంటప్పుడు ప్రభుత్వానికి రివిజన్ (పునఃపరిశీలన వినతి) పెట్టుకుని, తొలగింపును నిర్బంధ పదవీ విరమణగా మార్చమని అడగడమే తెలివైన పని. కోర్టుకు లేని దయ చూపే అధికారం ప్రభుత్వానికి ఉంది.

రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు గానీ, ఏళ్లు ఆగితే ఎందుకు ఆగారని అడుగుతారు. అప్పీలు ఉత్తర్వు అందిన కొద్ది నెలల్లోనే వేయండి. తొలగింపు మీద స్టే వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. స్టే ఇవ్వడమంటే ముందే ఉద్యోగంలో చేర్చడం, చాలా అరుదుగా ఇస్తారు.

అచ్చంపేటలో మీ అన్నగారి ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాను, అది ఇబ్బందా అని అడిగారు. కూర్చోండి, బతకాలి కదా. కానీ జీతం తీసుకుంటుంటే అఫిడవిట్‌లో దాచకండి. 2013లో దీపాలీ గుండు కేసు ప్రకారం వెనకటి జీతం కోరే ఉద్యోగి, తనకు వేరే సంపాదన లేదనో ఇంత మాత్రమే ఉందనో ముందు తానే చెప్పాలి; కాదని చూపించే భారం ఆ తర్వాత శాఖది. శాఖ ఆ భారాన్ని మోయడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు, మండల ఆఫీసు నుంచి ఒకరు వచ్చి కౌంటరు మీద మీరున్న ఫొటో తీసుకుంటే చాలు.